నామకరణంలో ఒక యవననామం



గత వైశాఖమాసంలో మా నందికొట్కూరులో జరిపించిన ఒక నామకరణం నా మనస్సును ఇప్పటికీ వదలలేదు. ఆ సందర్భంలో తొందరపడి నేను పలికిన ఒక మాటను, తదుపరి శాస్త్రమే నాకు నేర్పిన పాఠాన్ని సాధకులైన పాఠకులతో పంచుకోవడం ఉచితమని తోచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఆ దంపతులు విదేశంలో ఉద్యోగాలు చేసుకొంటున్నవారు. ఆడబిడ్డ ఏడవ మాసంలోనే జన్మించింది. జన్మసమయం తెలుపగానే గణించి, చిత్తా నక్షత్రం, ప్రథమపాదం, కన్యారాశి, నామాక్షరం ‘పే’ అని ఫోనులోనే చెప్పాను. శిశువు రెండు నెలలకు పైగా ఆసుపత్రిలో గాజుపెట్టెలోనే ఉన్నందున పదకొండవనాటి క్రియ జరుగలేదు. పది రాత్రుల పిదప గాని, నూరు రాత్రుల పిదప గాని, సంవత్సరానికి గాని నామకరణం చేయవచ్చునని గోభిల గృహ్యసూత్రం అవకాశమిచ్చింది. కనుక వారు స్వస్థలానికి వచ్చిన తరువాత ఒక శుభదినాన్ని నిశ్చయించాను.

ముందునాటి సాయంకాలం వారింటికి వెళ్ళి, “ఏ పేరు అనుకొన్నారమ్మా?” అని అడిగాను. బిడ్డ తల్లి “పెర్సెఫోనీ” అన్నది. నాకు వెంటనే అర్థం కాలేదు. అవ్వ మాత్రం అప్పటికే విషయమంతా విని ఉన్నది. “యముని పెండ్లాం పేరంట సామీ! ఇంత కష్టపడి దక్కిన బిడ్డకు ఆ పేరేంది? మీరన్నా చెప్పండి” అని కన్నీరు పెట్టుకొన్నది.

యవనుల, అనగా గ్రీకుల పురాణకథ ఇది. పెర్సెఫోనీ ధాన్యదేవత డిమీటరు కుమార్తె. పూలు కోసుకొంటుండగా అధోలోకాధిపతి హేడీసు ఆమెను అపహరించాడు. తల్లి దుఃఖించి భూమిపై విత్తనం మొలకెత్తకుండా చేసింది. చివరకు కుమార్తె తిరిగి వచ్చింది కాని, అక్కడ దానిమ్మ గింజ తిన్నందున ఏటా మూడవ భాగం అధోలోకంలో, రెండు భాగాలు తల్లి వద్ద ఉండవలసి వచ్చింది. ఆమె పైకి వచ్చినప్పుడే నేల చిగురిస్తుందని వారి విశ్వాసం.

నేను ఆలోచించకుండా, “ఇది మ్లేచ్ఛనామం తల్లీ, అమంగళం కూడా. యముణ్ణి ఎదిరించిన కథే కావాలంటే సావిత్రి అని పెట్టుకో” అన్నాను. ఆమె ముఖం వాడిపోయింది. కొంతసేపటికి మెల్లగా, “స్వామీ, యముని వెంట నడిచిన సావిత్రి పని నేను చేశాను. వెళ్ళి తిరిగి వచ్చినది ఇది” అన్నది. నా వద్ద ప్రత్యుత్తరం లేకపోయింది.

ఆ రాత్రి నిద్ర పట్టక గ్రంథాలు తెరిచాను. శాస్త్రం ఆమెకు విరుద్ధంగా ఉన్నచోటును ముందుగా చెప్పాలి. ఆడపిల్ల పేరు బేసి అక్షరాలతో ఉండాలని మా ఆపస్తంబ గృహ్యసూత్రం. సుఖంగా ఉచ్చరించదగినదై, క్రూరం కానిదై, స్పష్టార్థంతో, మనోహరంగా, మంగళకరంగా, దీర్ఘాంతంగా, ఆశీర్వాదసూచకంగా ఉండాలని మనుస్మృతి ద్వితీయాధ్యాయం. పెర్సెఫోనీకి అక్షరాలు నాలుగు. దీర్ఘాంతమే గాని, అర్థం విషయంలో పండితులకే ఏకాభిప్రాయం లేదు. కాబట్టి సంకల్పంలో చెప్పే శాస్త్రీయనామంగా అది నిలువదు.

కాని ‘మ్లేచ్ఛనామం’ అన్న నా మాటకు ఆధారమేమి? వరాహమిహిరాచార్యులు బృహత్సంహితలో యవనులు మ్లేచ్ఛులే అయినా, జ్యోతిషం వారియందు సుప్రతిష్ఠితమైనందున ఋషుల వలె పూజ్యులైనారని చెప్పారు. నేను ప్రతిదినం పలికే ‘హోర’, ‘కేంద్రం’ యవనపదాలే. బృహజ్జాతకం ప్రథమాధ్యాయంలో ఆచార్యులు పన్నెండు రాశులకూ యవననామాలు చెప్పారు. కన్యారాశికి అక్కడి పేరు ‘పాథోన’. ఇది యవనభాషలో కన్య అని అర్థమిచ్చే ‘పార్థెనోస్’ శబ్దమే. ఆ రాశిస్వరూపం పడవపై ఉండి, సస్యాన్నీ అగ్నినీ ధరించిన కన్య. పాశ్చాత్యులు మన చిత్తా తారను ‘స్పైకా’ అంటారు. ఆ మాటకు ధాన్యపు కంకి అని అర్థం. ఆ కంకి పట్టిన కన్యను డిమీటరుగా కొందరు, పెర్సెఫోనీగా కొందరు భావించారు. పెర్సెఫోనీకి యవనులు పెట్టుకొన్న మరో పేరు ‘కోరీ’. దానికీ అర్థం కన్యయే.

నేను లెక్కించి ఇచ్చిన రాశి, నక్షత్రం, అక్షరం మూడూ ఆ తల్లి చేతిలో ఆ పేరు దగ్గరకే చేరాయి. నేను మాత్రం తలుపు మూశాను.

ఇక అమంగళం మాట. మనుస్మృతి తృతీయాధ్యాయం నక్షత్రం, వృక్షం, నది, పర్వతం పేర్లు గల కన్యను వివాహమాడరాదని అంటున్నది. అయినా మన ఇళ్ళనిండా రోహిణులు, తులసులు, గంగలే. యమునానది సాక్షాత్తు యముని సోదరి. సీతమ్మ భూమినుండి వచ్చి భూమిలోనికే వెళ్ళిన తల్లి. ఆ పేరు పెట్టుకోవడానికి మనవారెవ్వరూ భయపడలేదు. శిష్టులు కథలోని దుఃఖాన్ని కాదు, దానిని దాటిన శక్తిని చూచి పేరు పెట్టారు.

అయితే ఒక నష్టాన్ని దాచరాదు. అజామిళుడు కుమారుణ్ణి పిలిచాడు. ఆ పిలుపు నారాయణనామమైంది. పిల్లలకు భగవన్నామాలు పెట్టడంలో పెద్దల ఉద్దేశం అదే. ప్రతిదినం పదిసార్లు పిలిచే పిలుపు జపంగా మారాలి. యవననామంతో ఆ లాభం కలుగదు. అందుచేత రెండింటినీ నిలిపే మార్గం వెదకాలి. మన పద్ధతిలో ఒకే శిశువుకు కులదేవతానామం, మాసనామం, నక్షత్రనామం, వ్యావహారికనామం అని నాలుగు పేర్లున్నాయి. ఆ ఇంటి కులదేవత శ్రీశైల భ్రమరాంబ. కనుక కులదేవతానామంగా ‘భ్రామరీ’, మూడక్షరాలు, దీర్ఘాంతం. వ్యావహారికంగా తల్లి కోరిన పేరు.

ఉదయం వెళ్ళగానే, సంకల్పానికి ముందు, “అమ్మా, నిన్న నేను తొందరపడి మాట్లాడాను” అన్నాను. నా నిశ్చయాన్ని వివరించి, “ప్రతి సాయంకాలం దీపం పెట్టేటప్పుడు మాత్రం భ్రామరీ అని పిలువు” అని కోరాను. ఆమె అంగీకరించింది. పళ్ళెంలో పరచిన బియ్యంపై తండ్రి బంగారు ఉంగరంతో ముందు ‘భ్రామరీ’, దాని క్రింద ‘పెర్సెఫోనీ’ అని వ్రాశాడు. శిశువు కుడిచెవిలో రెండు పేర్లూ మూడేసిసార్లు చెప్పించాను. అవ్వ దూరంగానే కూర్చున్నది.

మధ్యాహ్నం వారితో కలిసి సంగమేశ్వరం వెళ్ళాను. సప్తనదీసంగమంలోని ఆ ఆలయం శ్రీశైలం జలాశయపు నీటిలో ఏడాదిలో అధికభాగం మునిగి ఉంటుంది. నీరు తగ్గిన వేసవిలో మాత్రమే స్వామి దర్శనమిస్తాడు. ధర్మరాజు ప్రతిష్ఠించినదని ప్రసిద్ధి గల వేపదారులింగం అన్ని నెలలు నీటిలో ఉండి కూడా చెక్కుచెదరక నిలిచి ఉంటుంది. స్వామి మునిగాడని ఈ ప్రాంతంలో ఎవ్వరూ దుఃఖించరు. వచ్చే ఏడు మళ్ళీ వస్తాడని ఎదురుచూస్తారు.

అవ్వ చాలాసేపు లింగాన్ని చూచింది. “ఈ సామి కూడా అంతే కదా, పోయి వస్తాడు” అని తనలో తాననుకొన్నది. కోడలి చేతినుండి బిడ్డను తీసుకొని, “రావే పెర్సమ్మా, సామికి దండం పెట్టు” అన్నది.

ఛాందోగ్యంలో సనత్కుమారులు నారదునికి నామాన్ని బ్రహ్మంగా ఉపాసించుమని చెప్పి, నామం కన్న గొప్పది కూడా ఉన్నదని ముందుకు నడిపించారు. ముప్పది ఏండ్లుగా నామాలను తూచిన నేను ఆ రెండవ మాటను మరచిపోయాను. ఒక తల్లి గుర్తు చేసింది.

స్వస్తి.