గాండ్లపెంట ప్రయాణము: బాస్కెట్‌బాల్ పందెములలో స్థానముల యేర్పాటు

కదిరిలో శ్రీ లక్ష్మీనరసింహస్వామివారి దర్శనము చేసికొని, గుడివాకిట రెండు మూరల మల్లెపూలు కొని, తూర్పుగా పోవు బస్సెక్కినచో కొంతసేపటికి గాండ్లపెంట చేరవచ్చును. చిరకాలము ఈ యూరు అనంతపురము జిల్లాలోనిది. 2022వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదీన శ్రీ సత్యసాయి జిల్లా యేర్పడగా అందులో చేరినది. త్రోవ పొడుగున రాతిగుట్టలు, ఎర్రనేలలు, చింతమానులు, వేరుసెనగ చేలు. వాన కొరకు ఆకాశమువైపు చూచుట ఈ సీమవారికి నిత్యకృత్యము. గాండ్లవారనగా గానుగ ఆడువారు. కావున ఊరిపేరు వినగానే నూనెగానుగ తలపునకు వచ్చును. వేరుసెనగ పండెడి నేలకు తగిన పేరే యనిపించినది. కదిరిలోని పరిశోధనా క్షేత్రమున పుట్టిన వేరుసెనగ విత్తనములు కదిరి పేరుతోనే దూరప్రాంతములకు కూడ పోయినవి.

ఈ మండలములోని కటారుపల్లెలో వేమనయోగి సమాధి కలదు. చేరువనే గూటిబైలు గ్రామమున తిమ్మమ్మ మర్రిమాను ఉన్నది. ఇంచుమించు అయిదెకరముల నేలను తన నీడలో పెట్టుకొన్న ఆ మహావృక్షము 1989లో గిన్నీసు గ్రంథమున కెక్కినది. ఏది మొదటి మానో, ఏది ఊడ దిగి మానైనదో చూపరులకు తెలియదు. సంతానము కోరి వచ్చు స్త్రీలు ఆ నీడన మ్రొక్కుకొనుచుందురు. మేమును కటారుపల్లెను, మర్రిమానును చూడవలెనను కోరికతోనే బడి సెలవులలో మావారితో కలిసి బయలుదేరితిమి. కాని ఈ వ్యాసమున ముఖ్యముగా చెప్పబోవునది వేరు.

గాండ్లపెంటలో మా పెదతండ్రిగారి కుమార్తె కాపురమున్నది. ఆమె కూతురు డిగ్రీ చదువుచు, కళాశాల బాలికల బాస్కెట్‌బాల్ జట్టులో ఆడుచున్నది. కళాశాలల నడుమ జరిగిన పందెమునకు ఆ యేడు పదునారు జట్లు వచ్చినవట. రెండు నెలలు తెల్లవారుజామున లేచి సాధనచేసిన ఈ పిల్లల జట్టు, మొదటి యాటలోనే గత సంవత్సరపు విజేతలతో తలపడి, ఓడి, మరునాటికి ఇల్లు చేరినది. ఇరుగుపొరుగువారు నవ్విరి. తల్లికి మనసు కష్టమైనది.

“పొద్దున ఆట, మధ్యాహ్నం బస్సు. ఇంతదానికి చదువు మాని దుమ్ములో ఎగరాల్నా? వచ్చే యేడు పంపేది లేదు చెల్లీ” అని అక్క మాతో అనెను.

“మేము ఆటలో కాదు చిన్నమ్మా, చీటీలో ఓడిపోతిమి” అని పిల్ల కన్నీరు పెట్టుకొనెను.

ఈ రెండు మాటలలో ఏది నిజము? మావారు బడిలో ఆటల పందెములకు పట్టికలు వ్రాయుచుందురు గనుక ఈ లెక్క మాకు కొంత పరిచితమే. వాకిట ముగ్గుపిండితో పదునారు గీతలు గీయించి, అక్కను, వారి అత్తగారిని కూర్చుండబెట్టి, తెలిసినంత వివరించితిమి. సోదరీమణులలో అనేకుల యిండ్ల ఆడుబిడ్డలు నేడు ఇట్టి పందెములకు పోవుచున్నారు గనుక ఆ వివరమే ఇచట వ్రాయుచున్నాము.

మొదట ఆట సంగతి. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున జేమ్సు నైస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు, చలికాలమున గదిలోపల ఆడుకొనుటకై పండ్లబుట్టలు గోడకు కట్టి ఈ యాటను కల్పించెను. మరుసటి యేడే స్మిత్ స్త్రీల కళాశాలలో సెండా బెరెన్సన్ అను ఉపాధ్యాయిని దీనిని బాలికలకు నేర్పెను. స్త్రీలు అలసిపోవుదురను భయముతో ఆటస్థలమును మూడు భాగములు చేసి, ఎవరి భాగము వారు దాటరాదని ఆమె నియమము పెట్టెను. ఆ గీతలు తరువాతి కాలమున చెరిగిపోయి, నేడు స్త్రీలు మైదానమంతయు పరుగెత్తుచున్నారు. మన దేశమునకు ఈ యాట వై.ఎం.సి.ఏ. వారి ద్వారా వచ్చినది. 1920లో హారీ క్రో బక్ మద్రాసున స్థాపించిన వ్యాయామ కళాశాలలో శిక్షణ పొందినవారు దీనిని దక్షిణదేశమున వ్యాపింపజేసిరి.

ఇక పందెపు పట్టిక. ఓడినవారు వెంటనే తొలగిపోవు పద్ధతిని నాకౌటు అందురు. ఇందులో ఒక చిన్న సూత్రము కలదు. ఎన్ని జట్లు వచ్చినను, అందులో ఒకటి తక్కువ ఆటలు జరుగును. ఏలననగా ఒక్కొక్క ఆట ఒక్కొక్క జట్టును ఇంటికి పంపును, చివరకు ఒక్కటే మిగులవలెను. పదునారు జట్లకు పదునైదాటలు చాలును. అదే ప్రతి జట్టును ప్రతి జట్టుతో ఆడించు లీగు పద్ధతిలోనైతే నూట యిరువది ఆటలు కావలెను. అన్ని దినములు భోజనము పెట్టి, బస యిచ్చి పిల్లలను ఉంచుకొనుట ఏ కళాశాలకు సాధ్యము? నాకౌటు పద్ధతి పుట్టుటకు కారణము ఈ ఖర్చే.

జట్లు పదునారు గాక పదుమూడు వచ్చినచో ఏమి చేయుదురు? రెండు, నాలుగు, ఎనిమిది, పదునారు అను రెట్టింపు వరుసలో పదుమూడునకు పైనున్నది పదునారు. తక్కువైన మూడింటికి బదులు మూడు జట్లకు మొదటి సుత్తు ఆడనక్కరలేకుండ ‘బై’ ఇత్తురు. మిగిలిన పది జట్లు అయిదాటలు ఆడగా అయిదుగురు గెలుతురు. బై పొందిన ముగ్గురితో కలిసి ఎనిమిది మంది యగుదురు. ఆపైన లెక్క తనంతట సరిపోవును.

అన్ని స్థానములను చీటీలతోనే నింపినచో ఒక అన్యాయము కలదు. ఆలిస్ కథలు వ్రాసిన లూయీ కారల్ గణితోపాధ్యాయుడు కూడ. ఆయన 1883లో టెన్నిసు పందెములను గూర్చి చిన్న పుస్తకము వ్రాసి ఈ అన్యాయమును ఎత్తిచూపెను. అందరికంటె గట్టి జట్టు పట్టికలో పైసగమున ఉన్నదనుకొందము. రెండవ గట్టి జట్టు కూడ అదే సగమున పడెనేని, చివరి యాట వరకు రాకుండగనే ఓడిపోవును. రెండవ బహుమానము దానికంటె తక్కువవారికి పోవును. పదునారు జట్లలో రెండవదానికి మిగిలిన స్థానములు పదునైదు. అందులో అవతలి సగములోనివి ఎనిమిదే. అనగా రెండవ గట్టి జట్టునకు తన న్యాయమైన స్థానము దక్కుట ఇంచుమించు బొమ్మా బొరుసా వంటిదే.

దీనికి విరుగుడుగా వచ్చినదే సీడింగు. సీడనగా విత్తనము. వేరుసెనగ గింజలను గుప్పెడు ఒకేచోట చల్లినచో ఒకదానినొకటి అణచివేయును. గొర్రుతో ఎడమెడముగా విత్తినచో అన్నియు ఎదుగును. ఈ మాట చెప్పగానే అంతవరకు మౌనముగా నుండిన అత్తగారు “అట్లైతే నాకు తెలిసె” అని నవ్విరి. గట్టి జట్లను పట్టికలో ఎడమెడముగా నాటుట సీడింగు. వింబుల్డన్ టెన్నిసు పందెములలో యోగ్యతను బట్టి సీడింగు చేయుట 1927లో స్థిరపడినది. ఆ టెన్నిసును మన అనంతపురపు పేదపిల్లలకు నేర్పుటకై 2010లో రఫాయెల్ నాదల్ పేరిట ఒక పాఠశాల వెలసినది.

పదునారు గీతల పట్టికలో మొదటి సీడును అన్నిటికంటె పైగీత మీదను, రెండవ సీడును అన్నిటికంటె క్రిందిగీత మీదను, మూడవ సీడును క్రిందిసగపు మొదటి గీత మీదను, నాలుగవ సీడును పైసగపు కడపటి గీత మీదను ఉంతురు. అందరును తమ యోగ్యత ప్రకారము గెలిచినచో సెమీఫైనలున మొదటివారు నాలుగవవారితోను, రెండవవారు మూడవవారితోను ఆడుదురు. ఫైనలున మొదటివారు, రెండవవారు కలియుదురు. మిగిలిన పండ్రెండు జట్లకు చీటీలు తీయుదురు. ఆ పండ్రెండింటిలో నాలుగు చీటీలు సీడుల ఎదుటికి పోవును; అందులో ఒక్కటి మొదటి సీడు ఎదుటికి పోవును. మా పిల్లల చేతికి వచ్చినది ఆ ఒక్క చీటీయే.

అమెరికాలో కళాశాల స్త్రీల బాస్కెట్‌బాల్ మహాపందెము ఈ విద్యను మిక్కిలి పెంచినది. 1982లో జాతీయ కళాశాలా క్రీడాసంఘము దీనిని ముప్పదిరెండు జట్లతో ఆరంభించెను. 1994లో అరువదినాలుగు, 2022లో అరువదియెనిమిది జట్లాయెను. అచట చీటీలు లేనే లేవు. ఒక సంఘము కూర్చుండి, ఏడాది పొడుగున ఎవరు ఎవరిని గెలిచిరో, గెలిచినవారు ఎంతటివారితో ఆడిరో విచారించి, జట్లను నాలుగు మండలములుగా పంచి, ఒక్కొక్క మండలమున ఒకటి మొదలు పదునారు వరకు అంకెలు వేయును. ఒకటికి పదునారు, రెండునకు పదునైదు, ఎనిమిదికి తొమ్మిది, ఇట్లు మొదటి సుత్తులో ఏ జతను కూడినను పదునేడే వచ్చును. పెద్దసీడులే గెలిచినచో తరువాతి సుత్తులో ఏ జతను కూడినను తొమ్మిది, ఆపైన అయిదు, అటుపైన మూడు. చుక్కల ముగ్గువలె కుదిరిన లెక్క! ఏటేట తమలో తాము ఆడుకొను ఒకే కూటమిలోని జట్లు తొందరపడి మరల ఎదురుపడకుండను చూతురు. పై పదునారు జట్లకు మొదటి రెండు సుత్తులను సొంత మైదానమున ఆడు భాగ్యము కూడ కలుగును.

ఐనను అంకె బ్రహ్మవ్రాత కాదు. 1998లో స్టాన్‌ఫర్డు జట్టు మొదటి సీడు. హార్వర్డు జట్టు పదునారవ సీడు. ఆట స్టాన్‌ఫర్డు వారి సొంత మైదానముననే. కాని పందెమునకు ముందే వారి ముఖ్య క్రీడాకారిణు లిద్దరు గాయపడిరి. హార్వర్డు పక్షమున అలిసన్ ఫీస్టరు ఒక్కతెయే ముప్పదియైదు పాయింట్లు చేసెను. 71–67 తో హార్వర్డు గెలిచెను. పురుషుల పందెములలోగాని, స్త్రీల పందెములలోగాని పదునారవ సీడు మొదటి సీడును గెలుచుట అదే ప్రథమము. సీడు చెప్పునది నిన్నటి సంగతి; నేటి సంగతి మైదానమే చెప్పవలెను.

మన దేశమున విశ్వవిద్యాలయముల పందెములను, 1925లో పుట్టిన అంతర విశ్వవిద్యాలయ మండలికి వారసురాలైన భారతీయ విశ్వవిద్యాలయముల సంఘము నడపుచున్నది. దేశమును ఉత్తర, దక్షిణ, తూర్పు, పడమర మండలములుగా పంచిరి. సాధారణముగా గత సంవత్సరము మొదటి నాలుగు స్థానములు పొందినవారే ఈ యేటి సీడులు. నాలుగు జట్లు మిగులువరకు నాకౌటు. ఆపైన ఆ నలుగురికి లీగు. అనంతపురములో 1981లో స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము వంటి వానికి దక్షిణ మండలమున మద్రాసు, కేరళ ప్రాంతముల గట్టి జట్లతో తలపడవలసి యుండును.

ఇచట ఆలోచింపదగిన ధర్మసూక్ష్మము కలదు. సీడు పొందినవారికి మొదటి సుత్తు సులభము. సులభమగుటచేత పైకి పోవుదురు. పైకి పోవుటచేత మరుసటి యేడు మరల సీడు. సీడు లేనివారికి కఠినమైన ఎదురు, ఒక్క యాటతో ఇంటికి, అనుభవము లేదు, మరుసటి యేడును అంతే. నిన్న గెలిచినవారిని గౌరవించుట న్యాయమే. కాని పల్లెల నుండి వచ్చిన పిల్లలకు ఒక్క యాట మాత్రమే దక్కుట న్యాయమా? దీనికి ఉపాయము లేకపోలేదు. పదునారు జట్లను నాలుగేసి చొప్పున నాలుగు గుంపులు చేసి, గుంపునకు ఒక్కొక్క సీడును ఉంచి, గుంపులోపల లీగు ఆడించినచో ఇరువది నాలుగాటలగును; గుంపు విజేతలకు సెమీఫైనలులు రెండు, ఫైనలు ఒకటి. మొత్తము ఇరువదియేడు. పదునైదునకు పండ్రెండే యెక్కువ. ఐనను ప్రతి పిల్లయు మూడాటలు ఆడి ఇల్లు చేరును. ఖర్చు కొంత పెరుగును, నిజమే. రెండు నెలల సాధనకు ఆ మాత్రము ఖర్చు పెట్టరాదా?

ముగ్గుగీతల యెదుట కూర్చుండిన అక్క చాలసేపటికి, “మొదటి ఆటే వాళ్ళతో పడకుండింటే?” అని కూతురిని అడిగెను. “రెండు ఆటలన్నా గెలుస్తాంటిమేమో అమ్మా. వాళ్ళ మీద కూడా సగం ఆట దాకా సమంగానే ఉంటిమి” అని పిల్ల బదులు చెప్పెను. తల్లి ఈ మాట అంతవరకు వినియుండలేదు. ఏలననగా ఎవరును అడుగలేదు. పిల్ల మాట పూర్తిగా నిజమని మేము అనలేదు. చీటీ కఠినమైనది నిజము. రెండవసగమున వీరి కాళ్ళు అలసినదియు నిజమే. చీటీ మన చేతిలో లేదు, కాళ్ళ బలము మన చేతిలోనిదని మావారు ఆమెకు చెప్పిరి. ఇంకొక సంవత్సరము పోనిచ్చుటకు అక్క సమ్మతించినది. పరీక్షలలో మార్కులు తగ్గరాదను షరతు మాత్రము పెట్టినది. అది తల్లుల సీడింగు!

సోదరీమణులారా, మీ యింటి బాలిక పందెము నుండి ఓడి వచ్చినప్పుడు “ఎన్నవ స్థానము?” అని మాత్రమే అడుగవలదు. ఎన్ని జట్లు వచ్చినవి, సీడులెవరు, మొదటి ఆట ఎవరితో పడినది, ఎంత తేడాతో ఓడితిరి అని అడుగుడు. వీలైనచో ఆ పట్టికను ఆమెచేత గీయించి చూడుడు. నాలుగు ప్రశ్నలకు పది నిమిషములు పట్టదు. బిడ్డను ఆట మాన్పింపవలెనా, కొనసాగింపవలెనా యను నిర్ణయము ఆ పది నిమిషముల తరువాత చేయుడు.