ఫ్యాన్ల దారిలో దిగుడు

ముదిగుబ్బ నుంచి పెనుకొండకు సైకిల్ మీద పోవాలనేది నా పథకం. కదిరి రోడ్డు లారీల దుమ్ము తిన్నాక ధర్మవరం వైపు మళ్లితే కాస్త ఊపిరాడుతుంది. వేరుశెనగ చేలు, బోడి గుట్టలు, ఎదురుగాలి. ధర్మవరంలో మగ్గాల చప్పుడు, చిత్రావతిలో నీళ్లకన్నా ఇసుకే ఎక్కువ. ఈ దారి గురించి అంతకుమించి చెప్పేదేమీ లేదు.

చెన్నేకొత్తపల్లి దగ్గర ముష్టికోవిల కొండలు మొదలయ్యాక మాత్రం నా సైకిల్ ముందుకు కదల్లేదు. ఈ కొండల మీది అడవిని కల్పవల్లి అంటారు. 1990లో పుట్టిన టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ అండతో చుట్టుపక్కల పల్లెలవాళ్లు నిప్పు రాకుండా, గొడ్డలి పడకుండా కాపాడుకుంటూ తిరిగి మొలిపించిన అడవి. కొండవాలుల్లో బోదగడ్డి, వంకల వెంబడి ఈతచెట్లు. రెవెన్యూ రికార్డులకు మాత్రం ఇది బంజరే. ఆ ఒక్క మాట చాలు, 2010 దాటాక 50.4 మెగావాట్ల గాలిమరలు, ఊళ్లోవాళ్ల మాటలో ఫ్యాన్లు, కొండెక్కడానికి. 2006 నాటి పర్యావరణ మదింపు నోటిఫికేషన్‌లో పవన విద్యుత్తు లేదు కాబట్టి దాని కింద ప్రజాభిప్రాయ సేకరణ అవసరమే రాలేదు.

గాలిమరల రెక్కల్ని పైకి మోసే లారీల కోసం కొండ చుట్టూ వేసిన మట్టిరోడ్లే ఇప్పుడు ఊరి పిల్లలకు ఆటస్థలం. నలుగురు కుర్రాళ్లు, రెండు గేర్ సైకిళ్లు, రెండు మామూలువి. పైదాకా నెట్టుకుంటూ ఎక్కి, ఒక్క ఊపున దిగుతారు. బ్రేకు పనిచెయ్యని సైకిలువాడు చెప్పుకాలిని వెనక చక్రానికి ఆనించి ఆపుతాడు. నా డిస్క్ బ్రేకుల్ని జాలిగా చూశారు.

‘‘మలుపులో బ్రేకు పట్టద్దన్నా, జారతాది. ముందే తగ్గించుకో.’’

నేర్చుకోదగిన మాటే. నిజం చెప్పాలంటే, దిగడం మహా సరదాగా ఉంది. ఆ సరదాయే నాకు చిరాకు తెప్పించింది కూడా. రెండో మలుపు దాటాక రోడ్డు మధ్యలో మోకాలి లోతు కోత. దానిమీంచి ఎగరడమే వాళ్ల ఆటలో అసలు మజా. నేను దిగి నడిచాను.

కొండసైకిళ్ల కోసమే బాటలు కట్టేవాళ్లు ప్రపంచంలో చాలాచోట్ల ఉన్నారు. వాళ్లు మొదట అడిగే ప్రశ్న నీళ్లు ఎటు పోతాయనే. బాటను నిటారుగా దింపరు, వాలుకు అడ్డంగా తీస్తారు. అంచును లోయవైపు కొంచెం వంచుతారు, దూరం దూరంగా చిన్న పల్లాలు పెడతారు, వాననీరు ఎక్కడికక్కడ పక్కకు జారిపోయేలా. ఇక్కడి రోడ్డు వేసినవాళ్లు అడిగింది ఒక్కటే, క్రేను ఎటు పోతుందని. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ పడే వాన, అదీ కొన్ని గట్టి దెబ్బల్లో. తవ్విపోసిన మట్టి ఆ దెబ్బకు గడ్డి మీంచి వంకలోకి, వంకలోంచి చెరువులోకి దిగుతుంది. చెరువులో మేట వేసిన మట్టి తీసేదెవరు? గాలి కరెంటు వద్దని నేను అనను, బొగ్గుకన్నా నయమే. కానీ ఏళ్ల తరబడి కాసిన కాపలాను బంజరు అని రాసుకుని చేసే మంచిపని మీద నాకు గౌరవం లేదు.

కోతకు పైన అడ్డంగా ఓ చిన్న కాలువ తీస్తే నీళ్లు పక్కకు పోతాయి కదా, మీ ఇళ్లల్లో పారలు ఉన్నాయి కదా అన్నాను కుర్రాళ్లతో.

‘‘తీస్తాం గానీ, ఫ్యాన్ల జీపులోళ్లు వచ్చి పూడుస్తారన్నా. వాళ్ల బండి కుదుపుతాదంట.’’

పెనుకొండ సంగతి మర్నాటికి వాయిదా వేసి, వాళ్లతో ఇంకోసారి పైకి నెట్టాను.