సాంచాల ఊళ్లో ఉచ్చుల లెక్క

షోలాపూర్ దుప్పటి కప్పుకోని తెలుగువాళ్లు తక్కువ. ఆ దుప్పటి పుట్టేది ఊరికి తూర్పున, అక్కడివాళ్లు ‘పూర్వ భాగ్’ అని పిలుచుకునే నేతపేటల్లో. సాఖర్ పేట, అశోక్ చౌక్, దత్త నగర్ గల్లీల్లో తెలంగాణ తెలుగు మరాఠీని కలుపుకొని వినిపిస్తుంది. నిజాం ఇలాకా నుంచి పద్మశాలీలు తరాలుగా ఇటు వలస వచ్చారు. 1870ల్లో కరువు ఊళ్లనుంచి తరిమితే, అదే దశాబ్దంలో లేచిన నూలు మిల్లు రమ్మని పిలిచింది. నూలిపున్నమినాడు మార్కండేయుడి రథం కదిలితే పేటలన్నీ వీధిలోనే ఉంటాయి. మగవాళ్లు సాంచాల (మరమగ్గాల) మీద ఉంటే, ఆడవాళ్లు ఒడిలో చాట పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ బీడీలు చుడతారు.

సాంచాల షెడ్డులో మాట వినపడాలంటే చెవి దగ్గర అరవాల్సిందే. పైన జకార్డులో చిల్లుల అట్టలు దండలా తిరుగుతుంటాయి. చిల్లు ఉన్నచోట పడుగు పోగు లేస్తుంది, లేనిచోట కిందే ఉండిపోతుంది. ఆ సందులోంచి నాడె దూసుకుపోతుంది. అలా వరుస మీద వరుస పడి పువ్వు పూర్తవుతుంది. తాతల నాటి చేమగ్గం పోయి కరెంటు సాంచా వచ్చింది. అయినా ఇది సంప్రదాయ నేత కాదని ఎవరూ అనలేదు. పైగా షోలాపూర్ దుప్పటికీ తువ్వాలుకీ దేశంలో అన్నిటికన్నా ముందు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు తెచ్చుకున్నవాటిలో చోటు దక్కింది.

పనిముట్టు మారినా సంప్రదాయం అనిపించుకునే ఈ వెసులుబాటు అందరికీ దొరకదు. ఆర్కిటిక్‌లో తిమింగలాలనూ సీళ్లనూ వేటాడి బతికే ఇనూయిట్, ఇనూపియాట్ జనాన్ని లోకం అడిగే మొదటి ప్రశ్న, ‘తుపాకీ, మోటారు పడవ వచ్చాక ఇంకేం సంప్రదాయం?’ అని. అలాస్కా దగ్గరి బోహెడ్ తిమింగలాలను నూనె కోసం, దవడ ఈనెల కోసం ఊడ్చేసింది 19వ శతాబ్దపు వ్యాపార ఓడలు. 1977లో అంతర్జాతీయ తిమింగల వేట కమిషన్ నిషేధం పెట్టినప్పుడు దెబ్బ తగిలింది ఊరి వేటగాళ్లకు. తిమింగలాలు మంచు కింద నుంచి కూడా పోతాయనీ, మీ లెక్కలో అవి రాలేదనీ వాళ్లు వాదించారు. నీళ్లలో మైకులు దించి విన్నాక ఆ మాట నిజమని తేలింది. ఆలోగా 1978కే పరిమిత కోటా ఇచ్చారు. సీళ్ల సంగతీ అంతే. 1983లో యూరప్ తెల్లబొచ్చు సీలు పిల్లల తోళ్ల దిగుమతిని ఆపింది. ఇనూయిట్లు వేటాడేది పెద్ద సీళ్లను. అయినా తోళ్ల బజారు మొత్తం కూలి వాళ్ల ఇళ్లకు రాబడి ఆగింది.

అలాంటి కథే షోలాపూర్‌లోనూ ఉంది. ఇక్కడ ‘సెటిల్మెంట్’ అనే పేట ఉంది. నేరజాతుల చట్టం కింద, బ్రిటిష్ వాళ్లు పారధీలనూ మరికొన్ని సంచార కులాలనూ ముళ్లకంచె లోపల పెట్టి, హాజరు వేసి, మిల్లు పనికి పంపిన చోటది. ఫాసే పారధీలంటే ఉచ్చులు పన్ని కౌజులను, కంజులను పట్టేవాళ్లు. 1952లో చట్టం పోయింది, ముద్ర పోలేదు. 1972 వన్యప్రాణి చట్టంతో ఉచ్చు కూడా నేరమైంది. తర్వాత మిల్లులూ ఒక్కొక్కటిగా మూతపడ్డాయి.

ఊరికి దగ్గర్లోని నాన్నజ్‌లో బట్టమేక పిట్ట కోసం 1979లో అభయారణ్యం ప్రకటించారు. మన నంద్యాల జిల్లా రోళ్లపాడులో ఉండిన పిట్టే ఇది. దేశం మొత్తం మీద బయట తిరిగేవి సుమారు నూటయాభై. నాన్నజ్‌లో ఒకటి కనబడినా విశేషమే. దాని గడ్డిభూములను తిన్నది చెరకు, దాన్ని చంపుతున్నది కరెంటు తీగలు. అంతకుముందు తుపాకీ దొరలు సరదాకు కాల్చారు. ఆ పాపంలో పారధీ ఉచ్చుకు దక్కే వాటా చిన్నదే. అయితే పిట్ట ఇంత తక్కువైపోయాక ఒక్క ఉచ్చు కూడా ఎక్కువే. బోహెడ్ వేటగాడు ‘మా దగ్గర తిమింగలాలు చాలానే ఉన్నాయి’ అని నిలబడగలిగాడు. ఇక్కడ అలా అనగలవాడు ఎవడూ లేడు.

కాబట్టి పనిముట్టు పాతదా కొత్తదా అన్న ప్రశ్న దేన్నీ తేల్చదు. జీవం ఎంత మిగిలింది, దాన్ని ఎవరు ఖాళీ చేశారు, కాపాడే ఖర్చు ఎవరి నెత్తిన పడుతోంది అన్న మూడూ అడగాలి. తూర్పు పేటల నేతగాడి చేతిలో చేమగ్గం పోయినా సాంచా వచ్చింది, వాళ్లకు బడులూ ఆస్పత్రీ ఏర్పడ్డాయి, బీడీ కార్మికుల ఇళ్ల కోసం అసెంబ్లీలో అడగడానికి నరసయ్య ఆడం లాంటి వాళ్లు గెలిచారు. ఉచ్చు పోయిన పారధీకి దాని బదులు ఏదీ రాలేదు. విదర్భలో అకోలా, వాషిం వైపు పారధీలతోనే గడ్డిభూముల పక్షులను కాపాడించే ప్రయత్నం నడిచింది. పిట్ట జాడ పట్టడంలో వాళ్లకు మించినవాళ్లు లేరు. ఆ విద్యకు జీతం కడితే నిషేధానికి న్యాయం చేకూరుతుంది. కట్టకపోతే, దొరల తుపాకీ, చెరకు తోటలు చేసిన అప్పును పేదవాడి చేత తీర్పించినట్టే.