నీటి దారి వెంట

మీ ఇంట్లో ఫ్లష్ ట్యాంకు ఉందా? లేకపోయినా ఆస్పత్రిలోనో, బంధువుల ఇంట్లోనో మీరు దాన్ని చూసే ఉంటారు. మీట నొక్కితే నీళ్ళు ఒక్కసారిగా దిగుతాయి. తర్వాత ట్యాంకు మళ్ళీ నిండి, దానంతట అదే ఆగిపోతుంది. ఎలా ఆగుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? మనలో చాలామంది ఆ మూత తీసి చూడటానికి కూడా ఇష్టపడం. ఇప్పుడు ఆ మూత తీద్దాం.

ముందు మా ఇంటి సంగతి చెబుతాను. మేము ఢిల్లీలో మూడంతస్తుల ఇంట్లో పై అంతస్తులో ఉంటాం. బోరు నీళ్ళే ఆధారం. మా అత్తగారు మాతోనే ఉంటారు. ఆవిడకు డెబ్బై ఆరేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. రాత్రిపూట రెండు మూడు సార్లు లేవవలసి వస్తుంది. మొన్నటి చలికాలంలో మా ఫ్లష్ ట్యాంకు నిండటానికి ఇరవై నిమిషాలు పట్టసాగింది. ప్లంబరు "రేపు వస్తాను" అంటూ వారం గడిపాడు. ఈలోగా నేనొకటి గమనించాను. అత్తగారి మంచం పక్కన పెట్టిన నీళ్ళ చెంబు పొద్దునకి నిండుగా అలాగే ఉంటోంది. ఎందుకని అడిగితే, "తాగితే లేవాలి. లేస్తే అందులో నీళ్ళుండవు. నేను బకెట్టు మోయలేను. మిమ్మల్ని లేపడం నాకిష్టం లేదు" అన్నారు.

ఒక ట్యాంకు సరిగా నిండకపోవడం వల్ల ఒక పెద్దావిడ మంచినీళ్ళు తాగడం తగ్గించుకున్నారు. ఇక ప్లంబరు కోసం ఎదురుచూడకూడదు అనిపించింది.

నేను పానా తెచ్చుకోగానే ఆవిడే అడ్డుపడ్డారు. "అవి మనం ముట్టుకునేవా అమ్మాయీ?" అన్నారు. ఈ మాట మీరూ వినే ఉంటారు. మరుగుదొడ్డికి సంబంధించిన ప్రతి పనినీ కొందరికే అంటగట్టడం మన సమాజంలో పాత అలవాటు. మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో మరింత విస్తృతమైన చట్టం వచ్చాయి. అయినా ఆ అలవాటు మన మనసుల్లో మిగిలే ఉంది. నేను ఆవిడతో ఇంతే చెప్పాను: "అత్తయ్యా, ఈ ట్యాంకులోవి కుళాయి నీళ్ళే. వంటింట్లో గిన్నెలు కడిగే నీళ్ళూ ఇవీ మేడ మీది ట్యాంకు నుంచే వస్తున్నాయి." ఆవిడ తొంగి చూసి, మరేమీ అనలేదు.

ఇప్పుడు లోపల ఏముందో చూద్దాం. ఒక సన్నని కడ్డీ చివర గాలి నిండిన బంతి ఉంటుంది. దీన్ని ప్లంబర్లు బాల్ కాక్ అంటారు. నీళ్ళు తగ్గితే బంతి కిందికి దిగుతుంది, కడ్డీ రెండో కొసన ఉన్న రబ్బరు వాషరు పక్కకు జరుగుతుంది, నీళ్ళు వస్తాయి. నీటితోపాటు బంతి పైకి తేలినప్పుడు వాషరు నీటి రంధ్రాన్ని మూసేస్తుంది. మీరు సామాన్యశాస్త్రంలో చదివిన తులాదండం, నీటిలో వస్తువులు తేలే సూత్రం రెండూ ఇక్కడ పనిచేస్తున్నాయి. కొత్త రకాల్లో బంతికి బదులు చిన్న ప్లాస్టిక్ డబ్బా ఉండవచ్చు. సూత్రం మాత్రం ఒకటే.

మరి లోపం ఎక్కడుంది? ఊహించవద్దు. నీళ్ళు వచ్చే దారి వెంట వరుసగా చూడండి.

మొదట మిగతా కుళాయిలు చూడండి. అన్నిటిలోనూ ధార సన్నగా ఉంటే లోపం ఫ్లష్ ట్యాంకులో లేదు. నీటి మట్టం పది మీటర్ల ఎత్తున ఉంటే, చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఒత్తిడి వస్తుంది. మేడ మీది ట్యాంకుకు దగ్గరగా ఉన్న పై అంతస్తు వాళ్ళకు ఎత్తు రెండు మూడు మీటర్లే. అందుకే కింది ఇళ్ళకన్నా వాళ్ళకు ధార నెమ్మదిగా వస్తుంది.

రెండోది, గోడ దగ్గర ఉన్న యాంగిల్ కాక్. అది పూర్తిగా తెరిచి ఉందా? తర్వాత దాన్ని మూసి, ఫ్లష్ ట్యాంకుకు వెళ్ళే కనెక్షన్ పైపును ట్యాంకు వైపు విప్పండి. పైపు కొసను బకెట్టులో పెట్టి కాక్ తెరవండి. మా ఇంట్లో పది లీటర్ల బకెట్టు మూడు నిమిషాల్లో నిండింది. అంటే అక్కడిదాకా దారి బాగానే ఉంది. అడ్డంకి ఆ తర్వాతే ఉండాలి. కాక్ మూసేసి ముందుకు సాగాను.

మూడోది, బాల్ కాక్ మొదట్లో ఉండే చిన్న జల్లెడ. చాలా రకాల్లో ఇది ఉంటుంది. మా దానిలో ఇసుక, తుప్పు, సున్నపు గార కలిసి రంధ్రాలను దాదాపు మూసేశాయి. బోరు నీళ్ళు కఠిన జలమైతే అందులోని కాల్షియం ఇలా గారకడుతుంది. నిమ్మరసంలో అరగంట నానబెట్టి, పాత పళ్ళ బ్రష్షుతో తోమితే పోయింది. మరుగుదొడ్డి కడిగే ఘాటైన యాసిడ్ వాడకండి. అది లోహపు భాగాలను తినేస్తుంది.

నాలుగోది, బంతి కడ్డీ. బంతి గోడకు రాసుకుంటూ పైనే ఆగిపోతే రంధ్రం సగమే తెరుచుకుంటుంది. చేత్తో కిందికి నొక్కి చూస్తే తెలుస్తుంది.

చివరిది, కింది నుంచి కారడం. ట్యాంకు నీళ్ళలో బట్టల నీలిమందు రెండు చుక్కలు వేసి, అరగంట ఎవరూ మీట నొక్కకుండా చూడండి. కమోడులో రంగు కనిపిస్తే నీళ్ళు ఒకవైపు వస్తూ మరోవైపు పోతున్నాయన్నమాట. అప్పుడు అడుగున ఉన్న రబ్బరు మార్చాలి.

కొన్ని జాగ్రత్తలు గుర్తుంచుకోండి. పింగాణీ మూతను రెండు చేతులతో ఎత్తి, నేలమీద మడతపెట్టిన గుడ్డపై ఉంచండి. ప్లాస్టిక్ నట్లను ముందు చేత్తో బిగించి, ఆపైన పానాతో కాస్త తిప్పితే చాలు. గట్టిగా బిగిస్తే పగులుతాయి. యాంగిల్ కాక్ బిగుసుకుపోతే బలవంతం చేయకుండా మేడ మీది వాల్వు మూయండి. గోడలోపలి పైపు కారుతున్నా, ట్యాంకు పగిలినా ప్లంబరునే పిలవండి. అప్పుడు కూడా లోపం ఎక్కడుందో మీరే చెప్పగలుగుతారు.

ఆ సాయంత్రం మా ట్యాంకు నాలుగు నిమిషాల్లో నిండింది. బకెట్టుకన్నా ఒక నిమిషం ఎక్కువ ఎందుకో మీరు చెప్పగలరా? బంతి పైకి లేచేకొద్దీ రంధ్రం మూసుకుంటూ వస్తుంది కదా! మర్నాడు పొద్దున అత్తగారి చెంబు ఖాళీగా కనిపించింది.

ఈ వారం మీరొక పని చేయండి. మేడ మీది ట్యాంకు నుంచి గానీ, వీధి కుళాయి నుంచి గానీ మీ ఇంట్లోకి నీళ్ళు వచ్చే దారిని కాగితం మీద గీయండి. దారిలో ఎక్కడెక్కడ మూయవచ్చో గుర్తు పెట్టండి. ఆ కాగితాన్ని ఇంట్లో అందరికీ కనిపించేచోట అంటించండి.