పత్తిచేను డైరీ

ఆగస్టు 19, జమ్మికుంట దగ్గర

గుడ్డిపూలు కనబడ్డాయి. రేకులు విచ్చుకోకుండా ముడుచుకుపోయిన పూలు. విప్పితే లోపల గులాబీ పురుగు. "బీటీ గింజలే పెట్టిన గదా అన్నా. మందుకు అలవాటు పడ్డదా ఇది?" అని అడిగాడు రైతు.

ఆగస్టు 20

అలవాటు కాదు. ఏ పురుగూ బతికుండగా బీటీని తట్టుకోవడం నేర్చుకోదు. పురుగు పేగు గోడలో క్యాడ్‌హెరిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. బీటీ పత్తి చెట్టు తనలో తయారుచేసుకునే మొదటి విషం దాన్ని పట్టుకుంటేనే పేగు చిల్లులు పడి పురుగు చస్తుంది. ఆ ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువు తరం నుంచి తరానికి నకలవుతున్నప్పుడు ఎక్కడో ఒక అక్షరం మారుతుంది, ఒక ముక్క ఊడిపోతుంది. బీటీ వస్తుందని తెలిసి మారదు, ఊరికే మారుతుంది. అలా చెడిన జన్యువు అటు తల్లి నుంచీ ఇటు తండ్రి నుంచీ వచ్చిన పురుగుకు ఆ విషం అంటదు. మామూలు చేలో అలాంటిది అరుదు. బీటీ చేలో మిగతావన్నీ చచ్చాక మిగిలేది అదే. మన దేశపు పురుగుల్లో ఈ ఒక్క జన్యువే ఎన్నో రకాలుగా చెడి కనిపించింది.

సెప్టెంబరు 2

మన దేశంలో బీటీ పత్తికి అనుమతి 2002లో. రెండు విషాలున్న రకం 2006లో. మొదటి విషాన్ని గులాబీ పురుగు తట్టుకుంటోందని గుజరాత్ నుంచి 2010లో తెలిసింది. 2015లో అక్కడే రెండు విషాల పత్తినీ తినేసింది. ఇంత తొందరగానా!

అక్టోబరు 11

శనగపచ్చ పురుగూ పత్తిని తింటుంది, కానీ కంది, శనగ, మిరప కూడా తింటుంది. విషం తగలని పురుగులు ఆ చేలల్లో పుడుతూనే ఉంటాయి. గులాబీ పురుగుకు పత్తి తప్ప దాదాపు వేరే తిండి లేదు, మన పత్తి దాదాపు అంతా బీటీయే. అందుకే ప్యాకెట్‌తోపాటు 120 గ్రాముల నాన్‌బీటీ గింజలు ఇచ్చారు. వాటి మీద పెరిగిన మామూలు పురుగు, బీటీని తట్టుకున్న పురుగుతో జతకడితే పిల్లలకు ఒక మంచి జన్యువు అందుతుంది. ఆ పిల్లలు బీటీ తింటే చాలావరకు చస్తాయి. ఆ చిన్న ప్యాకెట్లు చాలాచోట్ల గట్టు మీదే పోయాయి. రెండెకరాల రైతు పురుగు కోసం సాళ్లు వదలాలంటే కష్టమే, ఆయన్ని నిందించను. ఎందుకు వదలాలో ఆయనకు అర్థమయ్యేలా చెప్పనివాళ్లదే తప్పు.

అక్టోబరు 12

ఇంకొకటి. మనవి హైబ్రిడ్లు. చెట్టంతా బీటీయే అయినా, కాయలోని గింజల్లో ఒక్కో విషపు జన్యువు నాలుగింట ఒకదానికి అందదు. కాయలో ఈ పురుగు తినేది ఎక్కువగా గింజనే. ఒక చెడు జన్యువు ఉన్న పురుగు కూడా అక్కడ గట్టెక్కే వీలుంది.

నవంబరు 24

అమెరికాలోని అరిజోనాలో 1996 నుంచి బీటీ పత్తి వేశారు. అక్కడి పురుగుల్లోనూ క్యాడ్‌హెరిన్ చెడిన జన్యువులు దొరికాయి. కానీ ఏళ్ల తరబడి నాన్‌బీటీ పత్తి పక్కనే ఉంచారు, తర్వాత గొడ్డు రెక్కలపురుగులను గాలిలోకి వదిలారు. 2018లో అమెరికా పత్తి ప్రాంతాల్లో గులాబీ పురుగు లేదని ప్రకటించారు.

డిసెంబరు 20

మూడో ఏరుడు, నాలుగో ఏరుడు అంటూ మార్చి దాకా చేను ఉంచకండి. పత్తి కట్టె పీకేయండి, గుడ్డికాయలు చేలో మిగల్చకండి. వచ్చే వానాకాలం నాన్‌బీటీ గింజలు తప్పకుండా వేయండి. విషానికి చచ్చే పురుగు ఊళ్లో మిగిలి ఉండటమే మనకు రక్ష.