గురిగింజయెత్తు బంగారము

కోలారు బంగారు గనులలో చాంపియన్ రీఫ్ షాఫ్టు నీడను పుట్టి పెరిగి, న్యూజెర్సీలో స్థిరపడి యిరువదియేండ్లు గడచిన నాకు, సైనిక విద్యాలయమును చూడబోవు తలంపు స్వయముగా గలిగినది కాదు. పదునొకండవ తరగతి చదువుచున్న నా కుమార్తె, తాను వెస్ట్ పాయింటున చేరెదనని పలికిన నాడు మా యింట రెండు దినములు ఎవరికిని అన్నము సయింపలేదు. చూడకయే వలదనుట న్యాయము గాదని తోచి, ఒక శనివారము ఉదయమున బయలుదేరితిమి.

న్యూయార్కు నగరమునకు ఉత్తరమున సుమారు 80 కిలోమీటర్ల దూరమున, హడ్సను నది పడమటి యొడ్డున, 1802లో వెలసిన యీ విద్యాలయమును చూడగోరువారు తొలుత నెరుగవలసినదేమనగా, ఇచట ఇచ్చవచ్చినట్లు తిరుగుటకు వీలు లేదు. గుర్తింపు పత్రము చూపి, తనిఖీ ముగిసిన పిమ్మట, మార్గదర్శకురాలి వెంట బస్సులో పోవలెను. ఇండియానుండి వచ్చిన అవ్వాతాతలు పాస్‌పోర్టు మరువరాదు. విద్యార్థులుండు గదులను, పాఠములు జరుగు గదులను చూపరు. ప్రాకారమునకు వెలుపలనున్న మ్యూజియమును మాత్రము రుసుము లేకయే చూడవచ్చును.

ట్రోఫీ పాయింటను మెట్టమీద, 1778లో ఆంగ్లేయుల యోడలు ఎగువకు రాకుండ నదికి అడ్డముగా కట్టిన యినుప గొలుసులోని కొన్ని లంకెలు గలవు. ఒక్కొక్కటి నూరు పౌండ్లకు మించిన బరువు. నా కుమార్తె వంగి వానిని చూచుచుండగా, మా నాయన పనికి పోవుటకు ముందు టోపీ దీపమును ఒకమారు వెలిగించి, ఆర్పి, మరల వెలిగించి చూచుకొను తీరు నా కన్నులకు గట్టినది. మూడు కిలోమీటర్లకు పైబడిన లోతునకు దిగు గనులలో మనుష్యుల ప్రాణములు ఇనుప త్రాటిని నమ్ముకొని యుండుట బాల్యమున నిత్యము చూచినవాడనగుటచే, ఆ లంకెలను వట్టి యలంకారముగా చూడజాలనైతిని.

అయినను నన్ను కదలించినది ఆ గొలుసు కాదు, ఉంగరము. పట్టభద్రులగువారు ఉంగరము ధరించు ఆచారము ఇచట 1835 నాటిది. కాలధర్మము నొందిన పూర్వవిద్యార్థుల ఉంగరములను వారి కుటుంబములవారు దానమీయగా, 2002లో పట్టభద్రులైన తరగతి మొదలుకొని వానిని కరగించి, ఆ బంగారమును క్రొత్తవారి ఉంగరములలో కలుపుచున్నారని మార్గదర్శకురాలు చెప్పినది. మా గనులనుండి నూటయిరువదియేండ్లలో 800 టన్నులకు మించిన బంగారము వెలికివచ్చినదందురు. అందు గురిగింజయెత్తైనను మా నాయన వ్రేలికి రాలేదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన పిదప ఆ యూరివారికి మిగిలినవి సైనైడు దిబ్బలును, గాలికి లేచు తెల్లని ధూళియు. పనిచేసి గతించినవాని గురుతును పనిలోనికి వచ్చువాని చేతికి తొడుగు ఈ మర్యాద మా గనులలో జరిగియుండవలసినది; జరుగకపోవుట నేటికిని నాకు బాధ.

ఈ విద్యాలయమున చదువునకు రుసుము లేదన్న మాట విని సంతసించు మన తల్లిదండ్రులు, చదువైన పిమ్మట ఐదేండ్లు సైన్యమున కొలువు చేయవలెనన్న మాటనుగూడ చెవిని వేసికొనవలెను. అమెరికా పౌరసత్వము తప్పనిసరి. చాలమందికి కాంగ్రెసు సభ్యుని సిఫారసు ద్వారముననే ప్రవేశము. వీని నన్నిటిని బిడ్డ వినుచుండగా అడిగి తెలిసికొనుడు.

ఆ రాత్రి కోలారు గనుల చెంత రాబర్ట్‌సన్‌పేటలోనున్న మా అమ్మకు ఫోను చేసితిని. అంతయు విని, "మీ నాయన గనిలోకి దిగేటప్పుడు నేను అడ్డం పడితినా? పోనీరా బిడ్డని," అనినది.

సిఫారసు కోరుచు మా ప్రాంతపు కాంగ్రెసు సభ్యునకు పంపవలసిన దరఖాస్తును నా కుమార్తె ఇప్పుడు వ్రాయుచున్నది.