అలబామా ఓడ – ఆకలిగొన్న నేతగాండ్రు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల నుండి సముద్రం వందల కిలోమీటర్ల దూరం. అయినప్పటికీ అలబామా అనే ఓడ కథ మగ్గమెరిగిన మా ప్రాంతం వారు తెలుసుకోదగినదని నా భావన.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. బానిసత్వాన్ని నిలుపుకొనదలచి దక్షిణ రాష్ట్రాలు వేరుపడగా, ఉత్తరాది నౌకాదళం వాటి రేవులను దిగ్బంధించింది. అందుకు ప్రతిగా ఉత్తరాది వర్తక నౌకలను వేటాడటానికి దక్షిణాదివారు ఇంగ్లాండులోని బర్కెన్‌హెడ్‌లో లెయిర్డ్ వారిచేత ఒక ఓడ కట్టించుకున్నారు. బ్రిటన్ తటస్థ దేశం కనుక అది యుద్ధనౌక అన్న సంగతి దాచి, 1862 జూలైలో రేవు దాటించారు.

దాని నాయకుడు రఫేల్ సెమ్స్. పరదేశపు జెండాతో దగ్గరకు చేరడం, ఆపై సొంత జెండా ఎత్తడం, మనుషులను దించుకొని ఓడకు నిప్పు పెట్టడం – ఇదీ అతని పద్ధతి. రెండేళ్ళలో సుమారు 65 ఓడలు చిక్కాయి. 1864 జనవరిలో మన మలబారు తీరం దాకా వచ్చి ఎమ్మా జేన్ అనే నౌకను దగ్ధం చేశాడు. అదే ఏడు జూన్ 19న ఫ్రాన్సులోని షెర్బూర్ రేవు ఎదుట ఉత్తరాదివారి కియర్‌సార్జ్ అలబామాను ముంచివేసింది. ఇటువంటి ఓడలను పోనిచ్చినందుకు బ్రిటన్ అమెరికాకు కోటి 55 లక్షల డాలర్లు చెల్లించాలని 1872లో జెనీవాలో మధ్యవర్తులు తీర్పు చెప్పారు.

సెమ్స్ సాహసాన్ని కొనియాడినవారు ఎందరో. సాహసం లేదని నేననను. అయితే అది ఎవరి పక్షాన నిలిచిందో కూడా చూడవద్దా?

ఆ కాలంలోనే, ఆ ఓడ పుట్టిన చోటికి ఎంతో దూరం లేని లాంకషైరులో, అమెరికా పత్తి రాక మిల్లులు మూతపడ్డాయి. వేలాది కుటుంబాలు దానపు గంజి మీద బతికాయి. దిగ్బంధం తొలగితే పత్తి వస్తుంది, పని దొరుకుతుంది. దక్షిణాది పక్షం వహించినవారు అక్కడ కొందరు లేకపోలేదు. కానీ 1862 డిసెంబరు 31న మాంచెస్టరు శ్రామికులు సభ జరిపి, బానిసత్వ నిర్మూలనకు మద్దతు తెలుపుతూ లింకనుకు లేఖ పంపారు. తమ కడుపు మాడుతున్నా సరే, బానిసల చెమటతో పండిన పత్తి కోసం ఆ పోరాటం ఆగరాదన్నదే వారి పక్షం. 1863 జనవరి 19న లింకను బదులు వ్రాస్తూ దానిని మహత్తరమైన క్రైస్తవ వీరత్వంగా శ్లాఘించాడు. ఆ శీతకాలంలోనే అమెరికా ప్రజల విరాళపు పిండి పీపాలతో జార్జ్ గ్రిస్వోల్డ్ అనే ఓడ లివర్‌పూలు చేరింది.

సాంచాలు ఆగితే ఇంటి పొయ్యి ఏమవుతుందో సిరిసిల్లలో ఎవరికీ వివరించనక్కరలేదు. అక్కడి నేతన్నల ఆత్మహత్యల వార్తలు మనమంతా చదివినవారమే. అందుకే ఆ మాంచెస్టరు లేఖ విలువ మా వారికి ఇతరులకంటె బాగా తెలుస్తుందనుకుంటాను. ఓడలు కట్టి ఇచ్చినవారికి లాభం కనబడింది. పస్తులున్నవారికి న్యాయం కనబడింది. పిల్లలకు ఈ యుద్ధం గురించి చెప్పేవారు అలబామా పేరుతో పాటు ఆ లేఖ సంగతి కూడా చెప్పాలని నా మనవి.